విస్తరి ముందు నుంచి

రాజోలు దాటాక కాలవగట్టు మీద, మురళీకృష్ణగారి కొబ్బరితోటలో నాలుగు గదుల అతిథిగృహం ఉంది. పైకప్పుకి పెంకులు, వరండాలో ఉయ్యాలబల్ల, గదికో దోమతెర. ఇంటర్నెట్‌లో పెట్టిన ఫొటోలన్నిటిలోనూ అవే ఉంటాయి. సంపూర్ణమ్మ ఒక్క ఫొటోలోనూ కనబడదు. అయినా ఒకసారి వచ్చి వెళ్ళిన విదేశీయులు మళ్ళీ రావాలనుకున్నప్పుడు, గది ఖాళీగా ఉందా అని అడిగే ముందు సంపూర్ణమ్మ ఉందా అని అడుగుతారు. మురళీకృష్ణగారు ఆ మాట నవ్వుతూనే చెబుతారు గాని, చెప్పేటప్పుడు కొంచెం నొచ్చుకున్నట్టు కూడా ఉంటుంది. తోట ఆయనది, గదులు ఆయనవి మరి.

పేరుకి ఆమె అక్కడ వంటమనిషి. చేసే పని అంతకంటే చాలా ఎక్కువ. కారు దిగిన మనిషి ముఖం చూసి, ఇది ఎండదెబ్బా, ప్రయాణం బడలికా, కడుపులో తిప్పడమా అని పోల్చుకుంటుంది. బొండం వాళ్ళ కళ్ళముందే కొట్టించి, కాగితం ఒలవని స్ట్రా చేతికిస్తుంది. ఐసు వెయ్యదు. కాచి చల్లార్చిన నీళ్ళు గదిలో పెడుతూ, పళ్ళు తోముకోవడానికి కూడా అవేనని చేతులతో చేసి చూపిస్తుంది. పడవెక్కేవాళ్ళకి లైఫ్ జాకెట్ బొత్తాం తనే పెడుతుంది, చిన్నపిల్లలకి బడి చొక్కా బొత్తాలు పెట్టినట్టు. రావులపాలెం నుంచి రాజమండ్రి వెళ్ళే దారిలో ఏ పెట్రోలు బంకులో బాత్రూము శుభ్రంగా ఉంటుందో డ్రైవర్లకి ముందే చెప్పి పంపుతుంది. "ఆ బంకు దాటించెయ్యకండి బాబూ. దాటారంటే రాజమండ్రి దాకా వెనక సీట్లో ఆవిడ ఏడుపు ముఖం చూడాలి."

ఒకసారి ఒక ఫ్రెంచి ఆయనకి విరేచనాలు పట్టుకున్నాయి. అతిథికి జబ్బు చేసిందంటే ఈ పక్క ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? పలకరించడానికి బయల్దేరారు. ఒకరు బ్రెడ్డు, ఒకరు దానిమ్మకాయలు, ఒకాయనైతే ఆవకాయ కూడా, నోరు చేదుగా ఉంటుంది పాపమని. సంపూర్ణమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడే కన్ను మూశారండి," అంది మొదట వచ్చినాయనతో.

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అయ్యయ్యో!"

"నిద్రండీ బాబూ, నిద్ర! మీరొచ్చారని లేవగానే చెబుతాను. దానిమ్మకాయలు ఇలా ఇవ్వండి."

లోపలికెళ్ళి ఆ ఫ్రెంచి ఆయనకి ఓఆర్ఎస్ నీళ్ళు గుక్కగుక్కగా తాగించింది. మళ్ళీ ఆకలని ఆయన నోటితో ఆయనే అనేదాకా అన్నం మాట ఎత్తలేదు. అన్నాక కూడా, ఆయన అడిగింది ఉడికించిన బంగాళాదుంప, ఉప్పు. సంపూర్ణమ్మ అదే పెట్టింది. కాస్త పోపు వేస్తే ఎంత బావుంటుందో ఆమెకి తెలియక కాదు. ఆయన అడగలేదు, ఆమె వెయ్యలేదు.

అది మస్కట్‌లో అబ్బిన బుద్ధి. భర్త పోయాక ఆమె అక్కడ ఒక ఇంట్లో చాలాకాలం పనిచేసింది. వెళ్ళిన కొత్తల్లో ఒకనాడు పొట్టలో కుడివైపున నొప్పి మొదలైంది. వచ్చిన నాలుగు అరబ్బీ మాటల్తో, ఇక్కడ, ఇక్కడే, అని వేలు పెట్టి చూపించింది. ఆ ఇంటావిడ చెడ్డదేం కాదు. కొత్త పిల్ల, ఇంటి మీద బెంగ పెట్టుకుంది, సరిగా తినడం లేదు అనుకుంది. పుదీనా టీ కాచి ఇచ్చింది, ఖర్జూరాలు దోసిట్లో పోసింది, తల నిమిరింది. ఆ ప్రేమంతా అయ్యేసరికి లోపల అపెండిక్స్ పగిలింది. ఆసుపత్రిలో ఒక నర్సు మాత్రం ఆమె వేలు ఎక్కడుందో అక్కడే తన వేలు పెట్టి, "ఇక్కడేనా?" అని సైగ చేసింది. సంపూర్ణమ్మ బతికింది. పరాయి దేశంలో జబ్బుపడ్డ మనిషికి మాటలు కొన్నే ఉంటాయని, ఆ కొన్నిటినీ ఎదుటివాళ్ళు తమకి తోచినట్టు సర్దుకోకూడదని అప్పుడు మనసులో నాటుకుంది. ఈ కథ ఆమె ఎవరికీ పెద్దగా చెప్పదు. మచ్చ మాత్రం ఉంది.

అందుకే, వచ్చినవాళ్ళు సామాను సర్దుకోగానే వరండా మెట్టు మీద కూర్చుని ఆమె కొన్ని సంగతులు అడుగుతుంది. మస్కట్ ఇంగ్లీషులోనే అడుగుతుంది. "మేడమ్, ఈట్ వాట్, యూ సిక్? మెడిసిన్ వాట్? మెడిసిన్ వేర్?" జవాబు వచ్చాక మందు ఏ సంచిలో ఏ అరలో ఉందో చూపించమంటుంది. కొందరికి నవ్వొస్తుంది. నవ్వినా చూపిస్తారు.

పోయిన చలికాలం కారిన్ వచ్చింది. డెన్మార్క్‌లో బడిపంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. లేసు అల్లిక నేర్చుకుందామని నరసాపురం పక్క ఊళ్ళు తిరుగుతూ, మకాం ఇక్కడ పెట్టింది. సంపూర్ణమ్మ ప్రశ్నకి ఆమె నవ్వలేదు. నడుముకి కట్టుకున్న ఎర్ర సంచీ విప్పి, లావుపాటి పెన్నులాంటి ఇంజెక్షన్ తీసింది. ఫోన్లో జీడిపప్పు బొమ్మ చూపించింది. తర్వాత గొంతు మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసి, తల పక్కకి వాల్చింది.

"లిటిల్ ఈట్?" అంది సంపూర్ణమ్మ.

"లిటిల్ ఈట్, కారిన్ డెడ్," అంది కారిన్, ఆమె ఇంగ్లీషులోనే.

కారిన్ దగ్గర సూది లేని ఉత్తుత్తి పెన్ను ఇంకొకటి ఉంది. దాన్ని తొడ పక్కన ఎలా గుచ్చాలో, ఎంతసేపు నొక్కిపట్టాలో నేర్పింది. సంపూర్ణమ్మ తన తొడ మీదే చీరె మీంచి మళ్ళీ మళ్ళీ గుచ్చుకుని చూసుకుంది. తెల్లారి వంటింట్లో జీడిపప్పు డబ్బా తీసి మురళీకృష్ణగారి ఇంటికి పంపేసింది. మిక్సీ గిన్నెలు సబ్బుతో తోమి, వేణ్ణీళ్ళు పోసి, ఎండలో పెట్టింది. కారిన్ ఉన్నన్నాళ్ళూ ఆ వంటింట్లోకి జీడిపప్పు రాలేదు.

చిక్కు బయటి వంటలతోనే. ఆ పక్కనే మోరి అనే ఊరు. జీడిపప్పు అక్కడ తోటల్లోంచి నేరుగా వస్తుంది. చుట్టం వచ్చాడంటే పాయసంలోనూ పడుతుంది, పప్పులోనూ పడుతుంది. జీడిపప్పు లేకుండా అతిథికి కూర వండితే, ఈయన మనకి ఈపాటివాడే అని చెప్పినట్టు. దానికి తోడు గోదావరి పక్క 'వద్దు' అనే మాటకి విలువ తక్కువ. మొదటి వద్దు మర్యాదకి. రెండోది మొహమాటానికి. మూడోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తారు.

ఈ విద్యలో సూర్యకళగారిని మించినవాళ్ళు లేరు. ఆవిడ మురళీకృష్ణగారికి మేనత్త. ఊళ్ళో పెద్ద ఇల్లు, పెద్ద చెయ్యి. డాక్టరు నెయ్యి మానెయ్యమన్నాడని అల్లుడు వద్దంటే, కనబడకుండా ముద్దపప్పులో కలిపి పెట్టించింది. ఆ అల్లుడు అన్నం మారు అడిగి తిన్నాడని ఇప్పటికీ చెబుతుంది. మనవడి అన్నప్రాశనకి ఆవిడ స్వయంగా అతిథిగృహానికి వచ్చి, కారిన్‌కి బొట్టుపెట్టి భోజనానికి పిలిచింది.

సంపూర్ణమ్మ ఆవిడని గేటుదాకా సాగనంపుతూ చెప్పింది. "అమ్మగారండీ, ఆవిడ జీడిపప్పు తినకూడదండి. తింటే ప్రాణం మీదికొస్తుంది. ఒక్క పలుకైనా సరేనండి."

"మురళి చెప్పాడులే."

"విడిగా వండించండి. ఏమనుకోకండి."

"ఓసి పిచ్చి సంపూర్ణం, విడిగానే వండిస్తాను. ఖరీదైన సరుకని మొహమాటపడుతోంది గాని, జీడిపప్పు తిని చచ్చినవాళ్ళని నువ్వెక్కడైనా చూశావా?"

"చూళ్ళేదండి. చూడకూడదనేనండి."

సూర్యకళగారు నవ్వేసి కారెక్కింది.

అన్నప్రాశన నాడు ఇంటి ముందు షామియానా, దొడ్లో గాడిపొయ్యి. కారిన్‌ని లోపల హాల్లో, ఇంటి పెద్దల బంతిలో కూర్చోబెట్టారు. సంపూర్ణమ్మ ఆమె పక్కన ఉంటానంది. మురళీకృష్ణగారు ఇబ్బందిగా చూసి, "నేనుంటాగా సంపూర్ణం, నువ్వు వెనక పక్కకెళ్ళు," అన్నారు. ఆమె వెనక వరండాలోకి వెళ్ళి కూర్చుంది. ఆ ఇంటికి ఆమె చిన్నప్పటి నుంచీ వస్తూనే ఉంది. ఊరవతల పేట నుంచి ఆమె తల్లి ఆ దొడ్లోకి పనికొచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఆ వరండా దాకానే. గడప దాటి వంటింట్లోకి రావద్దని సూర్యకళగారు ఎప్పుడూ అనలేదు. రమ్మని కూడా అనలేదు.

వంటలు అప్పాజీవి. చుట్టుపక్కల పది ఊళ్ళకి ఆయనే వంటమాస్టారు. విస్తళ్ళు పరిచారు. పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు వరసగా లోపలికి వెళుతున్నాయి. అన్నిటికంటే ఆఖర్న చిన్న స్టీలు గిన్నెలో గుత్తివంకాయ కూర వెళ్ళింది. దొరసానిగారికి ప్రత్యేకం అన్నారెవరో. సంపూర్ణమ్మ ఆ గిన్నెలోకి చూసింది. గుత్తివంకాయ ఎర్రగా, నూనె తేలుతూ ఉండాలి. ఇది మీగడలా తెల్లగా ఉంది.

"అప్పాజీగారూ, ఆ కూరేంటండి అంత తెల్లగా ఉంది?"

అప్పాజీ చెమట తుడుచుకుంటూ గర్వంగా చెప్పాడు. "వాళ్ళు కారం తినలేరు కదమ్మా! కారం విరగడానికి ముద్ద పోశాను. వెన్నలా వచ్చింది."

"ఏం ముద్దండి?"

"జీడిపప్పే! పలుకు కనబడకూడదు, తెలియకుండా తినేయాలి అన్నారు అమ్మగారు. మెత్తగా నూరించాను. నాలిక్కి తగిలితే నన్నడుగు."

హాల్లోకి వెళ్ళడానికి రెండు దారులున్నాయి. దొడ్డి గేటు దాటి, ఇల్లు చుట్టి, షామియానాలో జనాన్ని తప్పించుకుంటూ ముందు గుమ్మంలోంచి వెళ్ళేది ఒకటి. వంటింట్లోంచి నేరుగా వెళ్ళేది రెండోది. సంపూర్ణమ్మ చెప్పులు అక్కడే విడిచి గడప దాటింది. ఎవరో ఆడమనిషి "ఏయ్, ఏయ్" అంది. వంటిల్లు, దేవుడిగది గుమ్మం, నడవ, ఆమె దేన్నీ చూడలేదు. హాల్లో బంతి సాగుతోంది. మురళీకృష్ణగారు ఎవరినో ఎదురెళ్ళి తీసుకురావడానికి లేచినట్టున్నారు, ఆయన విస్తరి ముందు మనిషి లేడు. కారిన్ అందర్నీ చూసి నేర్చుకుని, అన్నంలో ఆ తెల్లటి గుజ్జు కలిపి, వేళ్ళతో ముద్ద ఎత్తింది. ఎదురుగా సూర్యకళగారు, తినమ్మా తినమ్మా అంటూ.

సంపూర్ణమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. ముద్ద విస్తట్లో పడింది. చంకలో చెయ్యి వేసి కారిన్‌ని లేపి నిలబెట్టింది.

విస్తరి ముందు నుంచి మనిషిని లేపడం కంటే పెద్ద అవమానం ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు. పగవాణ్ణయినా తిననిచ్చి తరవాత తిడతారు. హాలంతా గరిటెలు ఆగిపోయాయి.

"ఏంటే సంపూర్ణం ఇది!" అంది సూర్యకళగారు.

"అందులో ఉందండి," అంది సంపూర్ణమ్మ. కారిన్‌ని ముందు గుమ్మంలోంచే తీసుకెళ్ళింది. కుళాయి దగ్గర సబ్బు అడిగి, ఆ చేతులు గోళ్ళ సందులతో సహా రుద్ది రుద్ది కడిగింది. కారులో కూర్చోబెట్టి, ఎర్ర సంచీ విప్పి, పెన్ను చేతిలో పట్టుకుని ఆ పెదాలకేసే చూస్తూ కూర్చుంది. "బ్రీత్ ఓకే?" అని అడుగుతూనే ఉంది. కారిన్ తలూపుతూనే ఉంది. "నేను వాళ్ళని అడిగాను. లేదు, లేదు అన్నారు," అని తన ఇంగ్లీషులో అంది.

ఏమీ కాలేదు. ముద్ద నోటిదాకా పోలేదు కాబట్టి, కావడానికేమీ లేదు. సంపూర్ణమ్మకి వచ్చిన కష్టమంతా అక్కడే. కారిన్ పెదాలు వాచి కింద పడి ఉంటే, అమ్మో ఎంత గండం తప్పించింది అనేవాళ్ళు. మనిషి శుభ్రంగా నడిచి వెళ్ళిపోయింది. మిగిలింది సగం తినని విస్తరి. పొద్దుగూకేసరికి ఊళ్ళో కథ పెరిగింది. సంపూర్ణం దొరసానిని జుట్టు పట్టి ఈడ్చుకుపోయిందట. కూరలో విషం ఉందని అరిచిందట. అన్నప్రాశన పూట! పైగా దేవుడిగది ముందు నుంచి!

ఆ సాయంత్రం మురళీకృష్ణగారు ఉయ్యాలబల్ల మీద కూర్చున్నారు గాని ఊగలేదు.

"నోటితో చెబితే సరిపోయేది కదా, సంపూర్ణం."

"ముద్ద ముందెళ్ళేదండి, మాట తరవాత."

"నేను అక్కణ్ణుంచి లేవకుండా ఉండాల్సింది. అది నా తప్పే. కాని అత్త సంగతి నీకు తెలుసు. ఆవిడ ముఖం చెల్లక గదిలోంచి రావడం లేదట. రేపు నువ్వెళ్ళి క్షమించమని అడుగు. లేకపోతే నేను నిన్నిక్కడ ఉంచుకోవడం... నాకూ కష్టమే."

ఆయన ఆ మాట అనడానికి ఎంత ఇబ్బందిపడ్డారో సంపూర్ణమ్మకి తెలుసు.

"అడగకుండా లోపలికెళ్ళినందుకు అడుగుతానండి. కూడు ముందు నుంచి లేపినందుకు మాత్రం అడగలేనండి."

"రెండూ ఒకటే కదా."

"కాదండి."

మర్నాడు ఆమె చెప్పినట్టే వెళ్ళింది. వెనక వరండాలో నిలబడి, గడప దాటినందుకు ఏమనుకోవద్దని కబురు పంపింది. లోపల్నుంచి జవాబు రాలేదు. తిరిగొచ్చి కారిన్‌కి పెసరట్టు వేసింది. పని పోతే పోనీ అనుకోగలిగే స్థితి కాదు ఆమెది. అయినా ఆ పూట పెసరట్టు అంచు ఎర్రగా కాలేదాకా ఆగింది, కారిన్‌కి అలాగే ఇష్టమని.

రెండు రోజులు గడిచాక, పదింటి వేళ కారు ఆగింది. సూర్యకళగారు దిగింది. వెనక డ్రైవరు బుట్టెడు లేతవంకాయలు దించాడు. ఆవిడ ఎవరినీ పలకరించకుండా నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, అక్కడ ఆగింది.

"లోపలికి రావచ్చా?"

సంపూర్ణమ్మ చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. "అదేం మాటండి అమ్మగారూ!"

"నిన్ను లోపలికి రమ్మని నేనెప్పుడూ అనలేదు. మరి నీ గడప నేను అడక్కుండా ఎలా దాటతాను." స్టూలు లాక్కుని కూర్చుంది. బుట్టలోంచి వంకాయ ఒకటి తీసి తొడిమ గిల్లింది. "మా ఇంట విస్తరి ముందు నుంచి ఇంతవరకూ ఒక్క మనిషి లేవలేదే. రెండు రాత్రుళ్ళు నిద్ర లేదు నాకు."

సంపూర్ణమ్మ అట్లకాడ పక్కన పెట్టింది.

"నిజం చెప్పు. ఆవిడ నిజంగా చచ్చిపోయేదా?"

"ఏమోనండి. పోయేదేమో, ఇంజెక్షన్ పొడిస్తే బతికేదేమో. నాకేం తెలుసండి. ఆవిడ చచ్చిపోతానంది. నేను నమ్మానండి."

"నేను నమ్మలేదు," అంది సూర్యకళగారు మెల్లగా. "మొహమాటం అనుకున్నాను. దేశంకాని దేశం వచ్చిన మనిషికి మంచిది తినిపిద్దామనే గాని..." ఆగిపోయింది. "చంపుదామని కాదే."

"నాకు తెలుసండి. మస్కట్లో నాకు ఖర్జూరాలు పెట్టినావిడ కూడా చంపుదామని కాదండి."

ఆ ఖర్జూరాల కథ ఏమిటని సూర్యకళగారు అడిగింది. సంపూర్ణమ్మ చెప్పింది. అంతా విన్నాక ఆవిడ కొంగు బిగించి లేచింది. "కత్తిపీట ఎక్కడ? ఇక్కడే వండుతాను. నువ్వు పక్కన నిలబడి చూడు. నీ గిన్నెలు, నీ నూనె."

"కారం పొడి కూడా నాదేనండి."

"అదీనా?"

"మీ రోట్లో ఏమేం దంచారో నాకు తెలియదు కదండి."

"ఓసి నీ దుంపతెగ!" అంది సూర్యకళగారు. అంతలోనే నవ్వొచ్చింది ఆవిడకి. "మా అత్తగారు కూడా నన్నింత సాధించలేదే."

గుత్తివంకాయ ఎర్రగా, నూనె తేలుతూ దిగింది. పెరుగు దగ్గర పెట్టుకుంటే కారం తనే చూసుకుంటానంది కారిన్. ఆమె మొదటి ముద్ద తిని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా బొటనవేలు పైకెత్తింది. రెండో కాయ కూడా తింది. సూర్యకళగారి చెయ్యి దానంతట అదే గిన్నెలోకి పోయి, మూడో కాయ గరిటెతో పైకి లేపింది.

"వద్దు," అంది కారిన్. లేసు అల్లే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు.

గరిటె గాల్లో ఆగింది. సూర్యకళగారు ఆ కాయకేసి చూసింది, కారిన్‌కేసి చూసింది, గుమ్మంలో నిలబడ్డ సంపూర్ణమ్మకేసి చూసింది. నూనె చుక్క ఒకటి బల్ల మీద పడింది. గరిటె మెల్లగా వెనక్కి వచ్చింది. కాని గిన్నెలోకి దిగలేదు. అలా దించడం ఆ చేతికి అలవాటు లేదు.

"నువ్వు కూర్చో, సంపూర్ణం. ఆ కుర్చీ లాక్కో."

"నేను తరవాత తింటానండి."

"కూర్చోమన్నానా!"

సంపూర్ణమ్మ కారిన్ పక్కన కూర్చుంది. కంచంలో అన్నం పడింది, దాని మీద కాయ పడింది. ఇంకోటి రాబోతుంటే ఆమె కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దండి. చాలండి అమ్మగారూ."

"తియ్యి చెయ్యి. నీ వద్దు నాకు తెలియదా?"

సంపూర్ణమ్మ చెయ్యి తీసేసింది.